షోలో ఎవరికీ అడ్డం కాకుండా రికార్డ్ చేయడానికి ఏ మైకు, ఏ రికార్డర్?

కొత్తచెవి
అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ చదివి వెళ్లిపోవడమే తప్ప ఇక్కడ రాసింది లేదు. మా స్నేహితుల బ్యాండు వరసగా కొన్ని షోలు ఇవ్వబోతోంది. రికార్డ్ చేసిపెట్టమని వాళ్లే అడిగారు. కాకపోతే ఒక షరతు పెట్టారు. జనం మధ్యలో స్టాండు, దాని మీద పెద్ద మైకులు, మెరిసే లైట్లు ఇవేవీ ఉండకూడదట. ప్రేక్షకుల్లో ఒకడిగా నిలబడి పని కానిచ్చేయాలన్నమాట.

ఫోన్‌తో చేసి చూశాను. పాట నెమ్మదిగా సాగినంతసేపు పర్వాలేదు. డ్రమ్స్ అందుకోగానే అంతా ఒక ముద్ద అయిపోతోంది. అందుకే జేబులో పట్టే రికార్డర్ ఒకటి కొందామనుకుంటున్నాను. ఏ మోడల్ మంచిది? విడిగా మైకులు కూడా కొనాలా, రికార్డర్‌కి ఉన్నవి చాలవా?

వెనకవరుస
స్వాగతం. రికార్డర్ సంగతి ఆఖర్న చూద్దాం. అందరూ డబ్బంతా దాని మీదే పెడతారు, ఫలితంలో దాని వాటా మాత్రం అన్నిటికంటే తక్కువ. ముందు మీరు నిలబడే చోటు, తర్వాత మైకులు, ఆ తర్వాత మైకులకు అందే కరెంటు, చివర్న రికార్డర్. నా లెక్క ఇదీ.

ఫోన్ ఎందుకు ముద్ద చేస్తోందంటే, అది మనిషి మాట కోసం తయారైన వస్తువు. శబ్దం పెరగగానే దానంతట అదే లెవెల్ తగ్గిస్తుంది, శబ్దం తగ్గగానే మళ్లీ పెంచుతుంది. డ్రమ్ పడినప్పుడల్లా పాడేవాళ్ల గొంతు లోపలికి పోయి మళ్లీ పైకి తేలుతుంది చూడండి, అది ఇదే. పైగా ఆ చిన్న మైకులు అంత పెద్ద శబ్దాన్ని అసలు మోయలేవు.

రికార్డర్‌కి ఉన్న మైకులతో కూడా పని అవుతుంది. ఇబ్బందల్లా వాటిని బయటికి పెట్టి పట్టుకోవాలి. షో అయ్యేదాకా చెయ్యి ఎత్తి ఉంచలేరు. జేబులో పెడితే గుడ్డ రాపిడి తప్ప ఏమీ రాదు. కాబట్టి మీ షరతు ప్రకారం అయితే బట్టలకు తగిలించుకునే చిన్న మైకులు ఒక జత కావాల్సిందే.

ఫ్లోట్‌ఫ్యాన్
ఇంత చర్చ అక్కర్లేదు బ్రదర్. 32 బిట్ ఫ్లోట్ రికార్డర్ కొనెయ్. జూమ్ హెచ్1 ఎసెన్షియల్ తీసుకుంటే లెవెల్ పెట్టే పనే ఉండదు. శబ్దం ఎంత పెరిగినా క్లిప్ అవ్వదు, అంటే పైభాగం తెగిపోదు. ఇంటికొచ్చాక తగ్గించుకోవచ్చు. ఇంకా గట్టి సామాను కావాలంటే జూమ్ ఎఫ్3. అరచేతిలో పట్టేస్తుంది.

బ్యాటరీబాక్సు
ఫ్లోట్‌ఫ్యాన్ గారూ, సగమే చెప్పారు. 32 బిట్ ఫ్లోట్ కాపాడేది రికార్డర్ లోపల జరిగే కోతను. మైకులోనే శబ్దం తెగిపోయి వస్తే దాన్ని ఏ ఫ్లోటూ బాగుచేయలేదు. తెగిన శబ్దాన్నే బహు చక్కగా రికార్డ్ చేసిపెడుతుంది, అంతే.

చిన్న మైకులన్నీ దాదాపు ఎలెక్ట్రెట్ రకం. కాప్స్యూల్ (శబ్దం పట్టే మైకు తల) లోపల బుల్లి ట్రాన్సిస్టర్ ఒకటి ఉంటుంది, దానికి కొంత కరెంటు కావాలి. రికార్డర్ మైకు సాకెట్ ఆ కరెంటు ఇస్తుంది. దాన్నే ప్లగ్-ఇన్ పవర్ అంటారు. మామూలుగా 2 నుంచి 3 వోల్టులు ఉంటుంది. మాటలకు అది ధారాళంగా సరిపోతుంది, షోకి చాలదు. ఎందుకో ఒక లెక్క వేసి చూపిస్తాను.

డీపీఏ 4060 అనే చిన్న మైకు తీసుకోండి. 94 డీబీ (డెసిబెల్) శబ్దానికి అది 20 మిల్లీవోల్టులు ఇస్తుంది. శబ్దం 20 డీబీ పెరిగితే వోల్టేజీ 10 రెట్లు అవుతుంది. అంటే 114 డీబీ దగ్గర 200 మిల్లీవోల్టులు. స్పీకర్ల ముందు డ్రమ్స్‌లోని స్నేర్ దెబ్బో, కిక్ దెబ్బో ఇంకో 20 డీబీ పైకి ఎగిరిందనుకోండి, 2 వోల్టులు కావాలి. ఉన్న సరఫరాయే 3 వోల్టులు, అందులోనూ కొంత రెసిస్టర్‌లోనే పోతుంది. ఇక పైకి ఊగడానికి చోటెక్కడ? అక్కడ తల తెగుతుంది.

దీనికే 9 వోల్టుల బ్యాటరీ బాక్స్ వాడతారు. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. మైకు దీనికి, దీన్నుంచి వైరు రికార్డర్‌కి. పెద్ద షో అయితే మైకు సాకెట్‌కి కాకుండా, పెద్ద సిగ్నల్ తీసుకునే లైన్ సాకెట్‌కి పెట్టండి. అప్పుడు రికార్డర్‌లోని మైకు ప్రీఆంప్ (సన్నటి సిగ్నల్‌ని పెంచే భాగం) దారిలోకే రాదు. బాక్స్ వాడుతున్నప్పుడు రికార్డర్ మెనూలో ప్లగ్-ఇన్ పవర్ ఆపేయడం మర్చిపోకండి. ఎఫ్3 సంగతి వేరు. దానికి మైకు సాకెట్లన్నీ ఎక్స్ఎల్ఆర్ (మూడు పిన్నుల పెద్ద ప్లగ్) రకం, 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఇస్తుంది. చిన్న మైకుల్ని దానికి తగిలించాలంటే సరైన అడాప్టర్ ఉండాలి. ఉత్త మార్పిడి వైరు పెట్టి ఫాంటమ్ ఆన్ చేస్తే కాప్స్యూల్‌కి నూకలు చెల్లినట్టే.

ఫ్లోట్‌ఫ్యాన్
సరే, మైకు విషయం ఒప్పుకుంటున్నాను. కానీ లెవెల్ టెన్షన్ లేకపోవడం చిన్న సంగతా? జనంలో నిలబడి మీటరు చూసుకుంటూ కూర్చుంటే అసలు ఎవరి కంటా పడకూడదన్న మాటే పోయింది కదా.

బ్యాటరీబాక్సు
అది నిజమే. ఆ ఒక్క కారణానికి కొనొచ్చు, కాదనను.

గుమ్మటం
ఇదే విషయం కాబట్టి ఇక్కడే అడుగుతున్నాను. నా దగ్గర సోనీ పీసీఎం-ఎం10 రికార్డర్ ఉంది, చిన్న ఓమ్నీ (అన్ని వైపులా వినే) మైకులు నేరుగా మైకు సాకెట్‌కే పెడతాను. మొన్నటి షోలో మీటరు ఎప్పుడూ మైనస్ 8 దాటలేదు, సున్నా అయితే కదా గరిష్ఠం. ఎర్ర లైటు ఒక్కసారి కూడా వెలగలేదు. అయినా బేస్ వచ్చినప్పుడల్లా బరబరమంటోంది. మైకు పోయిందా?

వెనకవరుస
పోలేదు. ఒక పని చేయండి. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ ప్రోగ్రాములో ఫైల్ తెరిచి, బరబర వినిపించే చోట ఒక్క సెకనులో పదో వంతు మాత్రమే తెరమీద కనిపించేదాకా దగ్గరికి లాగండి. గీత కొండల్లా గుండ్రంగా ఎక్కి దిగుతోందా, లేక పైకెక్కి ఒకే ఎత్తులో బల్లపరుపుగా నడిచి దిగుతోందా చెప్పండి.

గుమ్మటం
బల్లపరుపే. అన్ని చోట్లా మైనస్ 8 దగ్గరే. గడ్డి కోసే మిషన్ తిప్పినట్టు అన్నీ ఒకే ఎత్తులో ఆగిపోయాయి. కొన్నిచోట్ల కింది వైపు గుండ్రంగా ఉండి పై వైపు మాత్రమే తెగింది.

వెనకవరుస
అయితే తేలిపోయింది. సున్నా దగ్గర తెగితే లెవెల్ ఎక్కువ పెట్టినట్టు. సున్నాకి దిగువన, ఎప్పుడూ ఒకే చోట తెగుతోందంటే కోత అంతకు ముందే ఎక్కడో జరిగింది. లెవెల్ చక్రం తగ్గిస్తే తెగిన గీత ఇంకా చిన్నదవుతుంది తప్ప గుండ్రబడదు. మీటరు మాత్రం అంతా బాగుందనే చెబుతుంది.

ఒక వైపు మాత్రమే తెగితే మైకుకి కరెంటు చాలలేదని అనుమానించాలి. రెండు వైపులా సమంగా తెగితే ప్రీఆంప్. ఇది రాతిమీద గీత కాదు, నా అనుభవంలో ఎక్కువసార్లు ఇలాగే తేలింది. మీ ఎం10కి వెనక మైకు సెన్సిటివిటీ మీట ఉంటుంది, అది లో మీద ఉందో లేదో చూడండి. తర్వాత బ్యాటరీ బాక్స్ ద్వారా లైన్ సాకెట్‌కి పెట్టి ఇదే బ్యాండుని మళ్లీ రికార్డ్ చేయండి.

గుమ్మటం
మీట హై మీదే ఉంది. 😐

రీలుమనిషి
మీరంతా అదృష్టవంతులు. మా రోజుల్లో సోనీ డబ్ల్యూఎం-డీ6సీ క్యాసెట్ రికార్డర్ ఉంటే రాజా కింద లెక్క. 1984లో వచ్చింది, ఇటుక అంత బరువు. క్యాసెట్ వైపు మార్చేలోపు సరిగ్గా మంచి పాటే పోయేది. తర్వాత డ్యాట్ (డిజిటల్ టేపు), ఆ తర్వాత మినీడిస్క్ (చిన్న డిజిటల్ డిస్కు). మినీడిస్క్ ఎంత చిన్నదైనా శబ్దాన్ని నొక్కి దాచేది, చప్పట్లు నీళ్లు పోసినట్టు వినిపించేవి. ఇప్పుడు మామూలు చిన్న రికార్డర్‌లో కూడా 24 బిట్ ఉంది. కొత్తచెవి గారూ, పాత సరుకు దొరికినా వెనకాడకండి. ఎం10 తయారీ ఎప్పుడో ఆపేశారు, అయినా ఉన్నవాళ్లు వదలరు. రెండు పెన్సిల్ సెల్‌లతో రోజు దాటి నడుస్తుంది.

కొత్తచెవి
బుర్ర తిరుగుతోంది గానీ అర్థమవుతోంది. రెండు ప్రశ్నలు. మైకు ఓమ్నీయా, ముందువైపే ఎక్కువ వినే కార్డియాయిడా? ఒంటిమీద ఎక్కడ పెట్టుకోవాలి?

వెనకవరుస
హాలు బాగుండి, మంచి చోట నిలబడగలిగితే ఓమ్నీ. అన్ని వైపుల నుంచీ వింటుంది, బేస్ నిండుగా ఉంటుంది, గాలికీ రాపిడికీ కాస్త ఓర్చుకుంటుంది. గోడలకు కొట్టుకుని మోగే హాలైనా, వెనక కబుర్లు చెప్పే గుంపు ఉన్నా కార్డియాయిడ్. దానిలో బేస్ పలచగా వస్తుంది, తర్వాత కొంత పెంచుకోవచ్చు.

కార్డియాయిడ్ కొనేవాళ్లు తరచూ మర్చిపోయే సంగతి ఒకటుంది. దాని వెనక వైపు చిన్న కంతలు ఉంటాయి. వెనక నుంచి వచ్చే శబ్దం వాటిలోంచి దూరి, చుట్టూ తిరిగి ముందు వైపు చేరిన అదే శబ్దాన్ని కొట్టేస్తేనే అది కార్డియాయిడ్. కాలరు మడతలో కుట్టేసో, టేపు చుట్టేసో ఆ కంతలు మూసేస్తే అది ఓమ్నీగా మారిపోతుంది, అదీ నాసిరకం ఓమ్నీగా. ఇంకో మాట, దాన్ని వేదిక మీది మనుషుల వైపు కాదు, స్పీకర్ల వైపు చూసేలా పెట్టాలి. శబ్దం వచ్చేది అక్కణ్ణుంచి.

ఓమ్నీ అయితే రెండిటి మధ్య ఏదైనా అడ్డు ఉండాలి. ఒకదాని పక్కన ఒకటి చొక్కా బొత్తాల దగ్గర పెట్టుకుంటే కుడి ఎడమ తేడా తెలియదు. చెవుల మధ్య దూరం ఎంతో అంత, అంటే 17, 18 సెంటీమీటర్లు ఉండి మధ్యలో తల ఉంటే అద్భుతం. హెడ్‌ఫోన్‌లో వింటే అక్కడే ఉన్నట్టుంటుంది. కళ్లజోడు కాడలకు తగిలించేవాళ్లున్నారు, టోపీ అంచుకి పెట్టేవాళ్లున్నారు. రోలాండ్ సీఎస్-10ఈఎం లాంటివి ఏకంగా చెవిలోనే ఇమిడిపోతాయి, చూసేవాళ్లకు మామూలు ఇయర్‌ఫోన్లలాగే ఉంటాయి.

తలకు పెట్టడంలో కిటుకూ ఉంది, కష్టమూ ఉంది. మీరు పక్కకి తిరిగితే బ్యాండు మొత్తం హెడ్‌ఫోన్‌లో గిర్రున తిరుగుతుంది. తాళానికి తల ఊపే అలవాటుంటే వద్దే వద్దు. భుజాలు అంత కదలవు కాబట్టి నేను భుజాలకే ఓటు వేస్తాను. భుజం మీద, కాలరుకి కాస్త ఇవతల.

తీగమనిషి
బట్టల గురించి ఎవరూ చెప్పలేదు. నైలాన్ జాకెట్ వేసుకుని వెళ్తే ఏ మైకైనా వృథా, ఊపిరి తీసినా కరకరమంటుంది. మెత్తటి నూలు చొక్కా వేసుకోండి. మైకు తల బట్టకు తగలకూడదు, స్పాంజి టోపీ తప్పనిసరి. మైకు నుంచి దిగే వైరుని అక్కడే చిన్న చుట్టగా తిప్పి టేపు వేయండి. లేకపోతే కింద ఎక్కడ వైరు కదిలినా ఆ చప్పుడు వైరు వెంబడే మైకులోకి ఎక్కుతుంది. ఆరుబయట షో అయితే స్పాంజి చాలదు, బొచ్చు తొడుగు ఉండాలి.

ఫోన్‌ని రికార్డర్ ఉన్న జేబులో పెట్టకండి. పాత జీఎస్ఎం సిగ్నల్ పట్టుకున్నప్పుడు దడదడదడమని ఒక చప్పుడు పడుతుంది. ఫోన్ సెకనుకి 217 సార్లు సిగ్నల్ పంపుతుంది, ఆ తాళమే వైరులోకి దూరుతుంది. ఫ్లైట్ మోడ్‌లో పెట్టేయండి, లేదా రెండో వైపు జేబులో.

నిశ్శబ్దంప్లీజ్
వినడానికి మాత్రమే వచ్చే మనిషిగా ఒక మాట. మీ మైకులతో నాకు ఏ ఇబ్బందీ లేదు. అవి పెట్టుకున్న మనిషితోనే ఇబ్బంది. మొన్న ఒకాయన పక్కవాళ్లు దగ్గినా ఉరిమి చూస్తున్నాడు, పాట అయిపోయాక చప్పట్లు కొట్టబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. టికెట్ మేమూ కొన్నాం సార్.

వెనకవరుస
నూటికి నూరుపాళ్లు నిజం. జనం చప్పుడు కూడా రికార్డింగులో భాగమే. ఎవరూ లేనట్టు ఉండాలంటే స్టూడియోకి వెళ్లాలి.

ఇక చోటు గురించి. మిక్సర్ బల్ల ఎక్కడుంటే దాని దగ్గర, వీలైతే కాస్త ముందు. సౌండ్ ఇంజనీర్ తన చెవికి బాగుండేలా మిక్స్ చేస్తాడు, ఆయన చెవి ఉన్నచోటే మీ మైకులుంటే ఆ కష్టం మీకు ఉచితంగా అందుతుంది. వేదికకి మరీ ముందుకెళ్తే స్పీకర్ల శబ్దం మీ తల మీదుగా వెళ్లిపోతుంది, పాడేవాళ్ల గొంతు దూరంగా వినిపిస్తుంది. మరీ వెనక్కి పోతే హాలు ప్రతిధ్వని మింగేస్తుంది. బాల్కనీ కింద అసలు నిలబడొద్దు, గోడ మూలలకీ దూరంగా ఉండండి. బేస్ అక్కడ పేరుకుపోతుంది. మీకంటే పొడుగాటి మనిషి ముందు నిలబడితే రెండడుగులు పక్కకి జరగండి, మనిషి తల డ్రమ్స్‌లోని సింబల్స్ మెరుపంతా తినేస్తుంది.

మిక్సర్‌పక్కన
సౌండ్ చేసేవాడిగా చెబుతున్నాను, మమ్మల్ని అడగండి. కొత్తచెవి గారికి బ్యాండు అనుమతి ఉంది కాబట్టి అసలు సమస్యే లేదు. షో మొదలయ్యే ముందు, సౌండ్ చెక్ అయ్యాక వచ్చి "మీ బల్ల పక్కన నిలబడొచ్చా" అంటే కాదనేవాళ్లు తక్కువ. సౌండ్ చెక్ నడుస్తుండగా మాత్రం రావొద్దు.

బల్ల నుంచి నేరుగా ఫీడ్ కూడా అడుగుతారు చాలామంది. ఇస్తాం, కానీ చిన్న హాల్లో అది విని నిరాశపడకండి. చిన్న హాల్లో డ్రమ్స్, గిటార్ ఆంప్ వాటంతట అవే గట్టిగా మోగుతాయి. వాటిని స్పీకర్లలోకి పంపే పని మాకు పెద్దగా ఉండదు. అందుకని బల్ల ఫీడ్‌లో గొంతు ఒక్కటే ముందు నిలబడి, వెనక డ్రమ్స్ ఎక్కడో పక్క గదిలో వాయించినట్టుంటుంది. హాల్లో మీ ఒంటిమీది మైకులు విన్నదే అసలు షో. రెండూ ఉంటే కలుపుకోవచ్చు.

ఫీడ్ తీసుకుంటే లైన్ సాకెట్‌కే పెట్టండి. ప్రొఫెషనల్ లైన్ లెవెల్ 1.23 వోల్టులు. అది మైకు సాకెట్‌కి పెడితే ఇందాక గుమ్మటం గారు చూసిన బల్లపరుపు ఇంకా అందంగా కనిపిస్తుంది.

కొత్తచెవి
రెండూ కలపడం అంటే? ఒకేసారి నొక్కితే సరిపోదా?

మిక్సర్‌పక్కన
సరిపోదు. శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు నడుస్తుంది. మీరు స్పీకర్లకి 30 మీటర్ల దూరంలో ఉంటే బల్ల ఫీడ్ కంటే మీ మైకు 87 మిల్లీసెకన్లు వెనకబడుతుంది. కలిపితే ప్రతి దెబ్బా రెండుసార్లు వినిపిస్తుంది. ఫైల్‌ని ఆ మేరకు జరిపి కలపాలి. ఒక్క స్నేర్ దెబ్బ పట్టుకుని జరపండి.

జరిపాక కూడా పని అయిపోదు. రెండు వేరు వేరు రికార్డర్ల గడియారాలు అచ్చంగా ఒకేలా నడవవు. మిలియన్‌కి 20 వంతుల తేడా ఉన్నా 2 గంటలు గడిచేసరికి 0.144 సెకను తేడా వచ్చేస్తుంది. మొదటి పాట అతికినట్టుంటుంది, ఆఖరి పాట చీలిపోతుంది. ఒకదాన్ని రవ్వంత సాగదీసుకోవాలి, లేదా పాట పాటకీ విడిగా జరుపుకోవాలి.

దొంగరికార్డు
అనుమతి ఉన్నవాళ్ల సంగతి సరే. లేనివాళ్లం ఏం చేయాలి? పెద్ద షోలకి గేటు దగ్గర చెకింగ్ ఉంటుంది. రికార్డర్, వైర్లు ఎలా దాటించాలో ఎవరైనా చెప్తారా?

నిర్వాహకుడు
చెప్పరు. ఇక్కడ ఆ చర్చ నడవదు. చిన్న సామాను మనం వాడేది పక్కవాళ్లకి అడ్డం కాకుండా ఉండటానికి, కళాకారుల కళ్లు కప్పడానికి కాదు. 1961 నాటి రోమ్ ఒడంబడికలోనే ఉంది, తమ ప్రదర్శనని అనుమతి లేకుండా రికార్డ్ చేయకుండా ఆపే హక్కు కళాకారులది. దేశాన్ని బట్టి చట్టం వేరుగా ఉంటుంది, హాలుని బట్టి నియమం వేరుగా ఉంటుంది. ఆపమంటే ఆపేయండి, వాదన పెట్టుకోకండి.

రీలుమనిషి
నియమం సరే నిర్వాహకా, చరిత్ర కూడా చూడాలి కదా. 1900 తర్వాత తొలి ఏళ్లలో న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరాలో లైబ్రేరియన్ లియోనెల్ మేపుల్‌సన్ మైనపు సిలిండర్ల మీద షోలు రికార్డ్ చేశాడు. ఆనాటి వేదిక ఎలా మోగేదో మనకి తెలిసింది ఆ గరగరలోంచే. డీన్ బెనెడెట్టి జాజ్ సాక్సోఫోన్ కళాకారుడు చార్లీ పార్కర్ వెంట తిరిగి 1947, 48లలో ఆయన సోలోలు పట్టాడు. పార్కర్ ఆపగానే మిషన్ ఆపేసేవాడు, మిగతావాళ్లు వాయించింది అక్కర్లేదు! మైక్ మిల్లార్డ్ అయితే నకమిచి 550 క్యాసెట్ డెక్కుని చక్రాల కుర్చీలో దాచి 1977లో లెడ్ జెప్పెలిన్ రాక్ బ్యాండు షోలు రికార్డ్ చేశాడు. ఇప్పటికీ వాటిని మించినవి అరుదు. వీళ్లందరూ నియమం చూసుకుని ఇంట్లో కూర్చుంటే?

వెనకవరుస
మేపుల్‌సన్ ఆ సంస్థ ఉద్యోగి. ఆయన్ని మిల్లార్డ్‌తో కలిపి ఒకే గాటన కట్టకండి. మిల్లార్డ్ రికార్డింగులు నేనూ వింటాను, చెవులు రిక్కించి వింటాను, అది దాచను. కానీ అప్పుడు అడగడానికి దారి లేదు, ఇప్పుడుంది. అమెరికా రాక్ బ్యాండు గ్రేట్‌ఫుల్ డెడ్ వాళ్లు 1984లో రికార్డ్ చేసేవాళ్ల కోసం ప్రత్యేకంగా టికెట్లే అమ్మారు. మైకుల అడవి మిక్సర్ వెనక ఒకచోటికి చేరింది, మిగతా జనం హాయిగా చూశారు. ఆ తర్వాత ఎన్నో బ్యాండ్లు అదే దారి పట్టాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో 2002 నుంచి లైవ్ సంగీతానికి ఒక విభాగం ఉంది, అనుమతి ఇచ్చిన బ్యాండ్ల షోలు మాత్రమే అక్కడ పెడతారు. అక్కడ వెతికితే మీకు నచ్చినవాళ్లు ఒప్పుకుంటారో లేదో చాలావరకు తెలిసిపోతుంది. మిగతావాళ్లకి ఒక మెయిల్ రాయండి. నేను రాసినవాళ్లలో జవాబు ఇవ్వనివాళ్లే ఎక్కువ, అది నిజం. జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టు కాదు.

అమ్ముకోవడం గురించి వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

దొంగరికార్డు
సరే సరే, పేరు మార్చుకుంటాను.

కొత్తచెవి
నవ్వొచ్చింది 😄 మళ్లీ నా గోడు. లెవెల్ ఎంత పెట్టాలి? కార్డు ఎంత కావాలి?

వెనకవరుస
24 బిట్, 48 కిలోహెర్ట్జ్, వేవ్ ఫైల్. ఆటో లెవెల్, లిమిటర్ (పెద్ద దెబ్బల్ని దానంతట అదే అణిచేది) రెండూ ఆపేయండి. పెద్ద దెబ్బలు మైనస్ 12, మహా అయితే మైనస్ 6 దాకా వచ్చేలా పెట్టి వదిలేయండి. 24 బిట్‌లో కింద బోలెడు చోటుంది, తక్కువైందని బెంగ వద్దు. ముందు వచ్చే చిన్న బ్యాండుకి సరిపోయేలా లెవెల్ పెట్టకండి, అసలు బ్యాండుకి సౌండ్ ఎప్పుడూ ఎక్కువే పెడతారు. మధ్యలో చక్రం తిప్పొద్దు, తిప్పిన ప్రతిసారీ వినేవాడికి తెలుస్తుంది. రికార్డ్ నొక్కాక కౌంటర్ నడుస్తోందో లేదో ఒక్కసారి చూసి, హోల్డ్ మీట వేసి, తెర వెలుగు, లైటు మెనూలో ఆపేసి జేబులో పెట్టేయండి. చాలా రికార్డర్లలో మొదటిసారి నొక్కితే అది సిద్ధంగా ఉంటుంది అంతే, రెండోసారి నొక్కితేనే నడుస్తుంది.

గంటకి 1.04 జీబీ పడుతుంది. 32 జీబీ కార్డు ఉంటే ఇక ఆ లెక్కే అక్కర్లేదు. కొన్ని రికార్డర్లు 2 జీబీకో 4 జీబీకో ఫైల్ తెంపి కొత్తది మొదలుపెడతాయి. మధ్యలో చిటికెడంత కూడా పోకుండా అతుకుతుందో లేదో ఇంట్లో ఒకసారి పరీక్షించుకోండి. కార్డుని రికార్డర్‌లోనే ఫార్మాట్ చేయండి.

బ్యాటరీబాక్సు
దీనికి ఒక తోక. షో మధ్యలో బ్యాటరీ అయిపోతే ఫైల్ సున్నా నిడివి చూపించొచ్చు. కంగారుపడి కార్డు ఫార్మాట్ చేయకండి. వేవ్ ఫైల్ ఎంత పొడవో దాని తల భాగంలో రాసి ఉంటుంది, కొన్ని రికార్డర్లు ఆ అంకెను స్టాప్ నొక్కినప్పుడే పూర్తి చేస్తాయి. సరుకు చాలావరకు కార్డు మీదే ఉంటుంది. ఆడాసిటీలో రా డేటా ఇంపోర్ట్ ద్వారా 24 బిట్, స్టీరియో, 48000 అని చెప్పి తెరిస్తే వచ్చేస్తుంది. అంతా హోరు వినిపిస్తే బైట్ వరస తప్పింది, అదే తెరలో బైట్ వరస లిటిల్ ఎండియన్ అని పెట్టి, ఆఫ్‌సెట్ (ఎన్నో బైట్ నుంచి చదవాలో) ఒకటి రెండు అంకెలు మార్చి చూడండి.

తీగమనిషి
ఇయర్‌ప్లగ్‌లు కూడా తీసుకెళ్లండి అందరూ. అమెరికాలో పనిచేసేవాళ్ల ఆరోగ్యం చూసే నయోష్ సంస్థ లెక్క ప్రకారం 85 డీబీ అయితే 8 గంటలు ఓకే, ఆపైన ప్రతి 3 డీబీకి సమయం సగమవుతుంది. 100 డీబీ దగ్గర 15 నిమిషాలే. ఇంటికొచ్చాక మిక్స్ చేసేది ఆ చెవులతోనే కదా.

గుమ్మటం
ఇంటికొచ్చాక ఎంత మార్పు చేయొచ్చు? నేను ఈక్వలైజర్ ముట్టుకుంటే ఆపలేను.

వెనకవరుస
అసలు ఫైల్ ముట్టుకోకుండా ఒక కాపీ దాచి, ఇంకో కాపీ మీద చేయండి. 30 హెర్ట్జ్ కింద ఉన్నది తీసేయండి, అక్కడ సంగీతం కంటే నేల అదురే ఎక్కువ. ఓమ్నీ అయితే 200, 300 హెర్ట్జ్ మధ్య కొంచెం తగ్గిస్తే బురద పోతుంది. తర్వాత చప్పట్లు. మీ చేతులే మైకులకి అందరికంటే దగ్గర, మీరు కొట్టిన చప్పట్లు పాట కంటే ఎత్తుగా నిలబడి మొత్తం లెవెల్‌ని పెంచనివ్వవు. ఆ నాలుగు శిఖరాలు చేత్తో తగ్గిస్తే పాట దానంతట అదే పైకొస్తుంది. నాయిస్ రిడక్షన్ జోలికి పోవద్దు, హాలు గాలి కూడా దానితో పాటు పోతుంది.

బ్యాండుకి ఇచ్చేటప్పుడు ఫ్లాక్ (నాణ్యత పోకుండా కుదించిన ఫైల్) ఇవ్వండి. పక్కన ఒక టెక్స్ట్ ఫైల్‌లో తేదీ, హాలు, పాటల వరస, మైకు నుంచి ఫ్లాక్ దాకా సామాను వరస, మీరు నిలబడిన చోటు రాయండి. ఎంపీ3 వాళ్లే చేసుకుంటారు, దాన్నుంచి వెనక్కి రావడం మాత్రం కుదరదు.

కొత్తచెవి
అందరికీ ధన్యవాదాలు. నా నిర్ణయం: ఓమ్నీ జత, భుజాల మీద. 9 వోల్టుల బాక్స్, లైన్ సాకెట్. రికార్డర్ మాత్రం ఒక ఫ్రెండ్ దగ్గర మూలపడి ఉన్న టాస్కామ్ డీఆర్-05 తోనే మొదలుపెడతాను. దానికి మైకుకీ లైన్‌కీ ఒకే సాకెట్ ఉంది, పర్వాలేదా?

బ్యాటరీబాక్సు
పర్వాలేదు. ప్లగ్-ఇన్ పవర్ ఆపి, గెయిన్ బాగా కిందికి తెచ్చి ఇంట్లో పెద్ద సౌండ్‌తో పాట పెట్టి చూసుకోండి. బల్లపరుపు కనిపిస్తే బాక్స్‌కీ రికార్డర్‌కీ మధ్య లెవెల్ తగ్గించే చిన్న అటెన్యుయేటర్ వైరు వేయొచ్చు. ప్లగ్ మాత్రం ఎల్ ఆకారంలో ఉన్నది కొనండి. నిటారు ప్లగ్ జేబులో వంగి సాకెట్‌ని వదులు చేస్తుంది, ఒక చానెల్ పోయి వస్తూ ఉంటుంది.

కొత్తచెవి
ఎల్ ప్లగ్ రాసుకున్నాను. షో అయ్యాక బ్యాండు సరేనంటే శాంపిల్ పెడతాను.

నిశ్శబ్దంప్లీజ్
నా దగ్గు వినిపిస్తే తీసేయకండి 🙂